నడినెత్తిన రంధ్రం

కిస్తీలు ఇంకా తొమ్మిదున్నయ్.
బొలేరో నడినెత్తిన పెన్సిల్‌తో సున్నా చుట్టి
"ఈడనే" అన్నడు ఖలీముద్దీన్.
డ్రిల్లు మొదలుకాంగనే మొఖం తిప్పుకున్న
గుజరాతీ గల్లీల గిలాసలు కడిగే పోరని దిక్కు.

ఇనుప రజను సీటు మీద రాలింది.
"అయస్కాంతం బిళ్ళది పెట్టరాదు భాయ్?"
"కొమ్మ తాకితే ఎగిరిపోతది. నీ పని వానలనే గదా."

అవును. వానలనే.
పోయినేడు మూసానగర్‌ల నడుంబంటి నీళ్ళు,
టవర్లన్నీ సచ్చినయ్,
చేతుల ఫోను ఉత్త అద్దంబిళ్ళ.
పడవ నా బండి మీదనే ఉండె,
ఏ గల్లీకి తోలాల్నో చెప్పే గొంతు లేకుండె.

చాకు మొనతో కప్పు లోపలి రంగు గీకిండు
తెల్లగ మెరిసేదాక.
"రంగు మీద బిగిస్తే మూగది. ఉత్త ఇనుముకు ఆనాలె."
రబ్బరు వాచరు, నల్ల తీగ, చుక్కంత సీసం.
మీటరు ముల్లు రెండు కాడ మొండికేసింది.
కడ్డీ కొస గోరంత కోసిండు.
మళ్ళ గోరంత.
ముల్లు ఒకటిన్నరకు దిగింది.

మీట నొక్కిన. ఏం మాట్లాడాల్నో తెల్వలే.
"హలో" అన్న, పెండ్లిల మైకు దొరికినోని లెక్క.
గరగర.
గరగరల నుంచి అంబర్‌పేట మేడ మీది సులోచన టీచరు:
"వినబడుతుంది ఓదెలూ. మీ దగ్గర మబ్బుందా?"

తల బయట పెట్టి చూసిన.
కరెంటు తీగల నడుమ జానెడు ఆకాశం.
"ఉంది టీచర్. నల్లగనే ఉంది."

మలుపు కాడ కానుగ కొమ్మ తాకి
కడ్డీ టంగుమంది. వంగింది, లేచింది.
నేను మళ్ళ కిస్తీలు లెక్కవెట్టుకున్న.