అద్దంలో వార్తలు

యశవంతపురం మండీ వెనక సందులో
రెండు కుర్చీల అంగడి నాది.
టీవీ వెనక గోడకుంది.
కుర్చీలో కూచున్నోళ్ళకు ఎదురద్దంలోనే కనబడుతుంది.
కింద పరిగెత్తే వార్త అద్దంలో వెనక్కి పరిగెత్తుతుంది,
అక్షరాలు ఎడంచేత్తో గీకినట్టుంటాయి,
కన్నడమో తెలుగో తేలదు.
చదవలేరు. కోపం మాత్రం
సరిగ్గానే అందుతుంది.

ముందు టీవీ లేదు.
ఒక పేపరుండేది.
నంజుండయ్య, ఉల్లిగడ్డల మండీలో లెక్కలు రాసేవాడు,
ఫ్రాన్సిస్, బస్సు కండక్టరు,
ఆదివారం ఏడింటికి జతగా వచ్చేవాళ్ళు.
పేపరు నడిమికి విడదీసి చెరిసగం.
ఆటల పేజీ కోసం పేచీ.
చచ్చినవాళ్ళ ఫోటోల పేజీ ఎవరికీ వద్దు,
అది నా పాలికి, నురగ తుడవడానికి.

ఇప్పుడు నంజుండయ్య ఏడింటికి.
ఫ్రాన్సిస్ తొమ్మిదింటికి.
నడుమ దువ్వెనలు కడుగుతాను,
టవలు మారుస్తాను,
చానలు మారుస్తాను.

మార్చమని ఎవరూ అడగలేదు.
మొదట మర్యాదకని మార్చాను.
తర్వాత బేరం పోతుందని.
ఆ తర్వాత చెయ్యే మార్చేది, నాకు చెప్పకుండా.

ఒకటే ఊరేగింపు.
ఏడింటికి దాంట్లో వేలమంది,
తొమ్మిదింటికి గట్టిగా వందమంది లేరు.
ఏడింటికి రాయి ఈ పక్కనుంచి పడింది,
తొమ్మిదింటికి ఆ పక్కనుంచి.
ఊరేగింపు పోయింది మా సందు ముందరే.
షట్టరు సగం దించి చూశాను.
రాయి నాకు కనపడలేదు.
ఒక పిల్లోడి చెప్పు తెగితే
వెనకొచ్చే పెద్దాయన వంగి
పిన్నీసు పెట్టడం చూశాను.
ఇద్దరికీ చెప్పాను.
"నీకేం తెలుసు చెంగల్రాయా, టీవీలో చూపిస్తుంటే"
అన్నాడు నంజుండయ్య.
ఫ్రాన్సిసూ అదే అన్నాడు, అదే మాట,
రెండు గంటలు ఆలస్యంగా.

పోయిన నెల్లో, కత్తి గొంతు దగ్గరుండగా,
"ఇంతకీ నువ్వెవరి పక్క?" అన్నాడు ఫ్రాన్సిస్.
"ఎడమ చెంప అయిందన్నా, కుడికి తిరుగు" అన్నాను.
నవ్వుతాడనుకున్నాను.
కత్తి కింద గుటక కదిలింది, అంతే.

మా నాయన మదనపల్లెలో పని నేర్పుతూ
ముందు కత్తి ఇవ్వలేదు నాకు.
మనిషి కళ్ళెప్పుడు మూసుకుంటాడో చూడమన్నాడు.
తల వెనక్కి వాల్చి
మెడకు చల్లటి అంచు తగలగానే
ఎవడైనా మూసుకుంటాడు.
"అది అయ్యేదాకా కదపొద్దురా" అన్నాడు.
పోలీసు మూసుకున్నాడు.
గట్టు తగాదాలో కోర్టుకెక్కిన మా దాయాదీ మూసుకున్నాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు పేరడక్కుండా గీశాను.
నా పేరు కనుక్కుని మెడ చాపినవాడు లేడు.

ఈ ఆదివారం ఏడింటికి
టీవీలో ఒకాయన బల్ల గుద్ది చెప్తున్నాడు,
ఏ అంగడి ఎవరిదో కనుక్కుని మరీ పొమ్మని.
నంజుండయ్య తల వాల్చాడు.
నురగ పూశాను. కత్తి ఆనించాను.
ఆగాను.
ఇంకా ఆగాను.
కళ్ళు తెరిచే ఉన్నాయి,
నా చేతినే చూస్తున్నాయి.
"కానీ" అన్నాడు.
నాయన మాట మొదటిసారి తప్పాను.
దవడ కింద గాటు, మిరపగింజంత.
పటిక రాసి "మండిందా?" అన్నాను.
"లేదు."
ఏనాడూ చిల్లర చూసుకోని మనిషి
గడప మీద నిలబడి లెక్కపెట్టుకున్నాడు.

దువ్వెనలు కడిగాను. టవలు మార్చాను.
రిమోటు తీసుకుని
టీవీ ఆపేశాను.
అద్దంలో వెనక గోడ ఇంత మురికని
ఇప్పుడే చూడటం.

బయట ఫ్రాన్సిస్ బండి స్టాండు వేసిన చప్పుడు.
లోపలికొచ్చి నల్లటి తెర చూశాడు, నన్ను చూశాడు.
"కరెంటు లేదా?"
నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది.
"లేదన్నా" అన్నాను.
ఫ్యాను వంక కాసేపు చూశాడు.
కూచున్నాడు.

నురగ కలుపుతున్నాను.