పదిహేడో నంబరు

గంటస్తంభం వెనక, పాత బియ్యం గొడౌనులో
వేలంపాట.
నేను రాతగాణ్ణి.
వస్తువుకి చీటీ, చీటీకి దారం, దారానికి ముడి.

ముల్లు విరిగిన గడియారం తొమ్మిది వందలు.
బుడితి కంచుచెంబు, సొట్టతో సహా, రెండువేలు.
సొట్ట ఉంటేనే పాతదని నమ్మకమట.

పదిహేడు: ఇత్తడి కుంచాలు, జత.
"అచ్చం కవలలండీ!" అన్నాడు పాటగాడు.

టీగ్లాసులు ఏరుతున్న దాలమ్మ ఆగింది.
"కవలలేటి బాబూ?
పెద్దది ఆలు కొలుసుకోడానికి,
సిన్నది మాకు కొలిసియ్యడానికి.
మా అయ్య కూలిగింజలు దీంతోటే."

జనం నవ్వారు.
నవ్వాక ధర లేచింది.
దాలమ్మ మాటనే పాటగాడు
తన గొంతులో తిప్పి తిప్పి చెప్పాడు
ఒకటోసారి, రెండోసారి,
పద్నాలుగు వేలకి మూడోసారి.
విశాఖ హోటలువాళ్ళు.
పూలకుండీలకట.

సాయంత్రం, అందరూ పోయాక,
మూలసంచిలో మిగిలిన నూకలు
పెద్ద కుంచంలో తలకొట్టి పోశాను.
చిన్నదాంట్లోకి వంచాను.
నిండింది.
ఇంకా పడుతూనే ఉంది.

చీటీ మీద 'జత' కొట్టేశాను.
బదులు ఏం రాయాలో తోచలేదు.

చీపురుతో వచ్చిన దాలమ్మ
చీపురు గోడకి ఆనించి
కిందపడిన గింజల్ని కొంగులోకి ఎత్తుకుంది,
అడగకుండా.

అది నేను
ఏ పద్దులోనూ రాయలేదు.