కొమ్ము పడేదాకా

పాకాల జంక్షన్లో గూడ్సుషెడ్డు వెనక
రైల్వే క్వార్టర్సు అరుగు మింద
పాయింట్స్‌మన్ చెంగల్రాయప్ప కత చెప్పేవాడు.
డ్యూటీ దిగినాక, కాకీచొక్కా ఇప్పకుండానే.
చేతిలో పలక, మోకాలి పక్కన చేతిలాంతరు,
దానికి ఒక దిక్కు ఎర్రద్దం, ఒక దిక్కు పచ్చద్దం.
పాలెగాడికి కోపమొస్తే ఎరుపు తిప్పేవాడు,
రాణెమ్మ వస్తే పచ్చ.

ఆ కతలో మనుషులు నోటితో మాట్లాడేది తక్కువ.
బురుజు మింద పసుపుకోక ఆరేస్తే
కోటలో నీళ్ళింకా ఉండాయని.
గుట్ట మింద ఒక మంట లేస్తే
పగోళ్ళ గుర్రాలు కనమ దిగినాయని.
రెండు మంటలు లేస్తే?
"అది లేసిన నాడు చెప్తాలే" అనేవాడు.

కడాకు మల్లమనాయుడు గుర్రమెక్కల.
కొమ్ము ఊదితేనే ఎక్కల, తల్లికిచ్చిన మాట.
మాకాడ కొమ్ము యాడిది?
తొమ్మిదీ నలభైకి కాట్పాడి పాసింజరు
అవుటర్ కాడ కూతేస్తాది.
కతను సరిగ్గా ఆడికి తెచ్చి నిలిపేవాడు
రికాబులో ఒక కాలు, నేల మింద ఒక కాలు.
కూత పడినాదా,
అరుగు అరుగంతా లేచి కేకలు.

ఒకనాటి రేయి వాన.
చంద్రగిరి అవతల పట్టాల కింద మట్టి జారినాదంట.
నాయుడు రికాబులో కాలు పెట్టినాడు.
కూత లేదు.
చెంగల్రాయప్ప గుర్రానికి జూలు దువ్వినాడు.
జీను తోలు ఏ ఊర్లో కుట్టిందో చెప్పినాడు,
గుర్రం తల్లిని, ఆ తల్లి తల్లిని చెప్పినాడు.
ఉలవలు పెట్టినాడు. పదిన్నర.
"ఎక్కేయమనబ్బా, పిలకాయలు తూగతాండారు"
అనింది గేటు సుబ్బరత్నక్క.
"కొమ్ము పడలేదు గదమ్మా. ఎట్ల ఎక్కతాడు?"
కతలో మాదిరి కాదు,
స్టేషన్ మాస్టరుకు బదులు చెప్పినట్టు అన్నాడు.

ఒక్కొక్కరే లేచి పోయినారు.
నేనొకణ్ణే, గోనెపట్ట కప్పుకోని.
అప్పుడు మల్లమనాయుడు మెల్లగా మాట్లాడినాడు.
కయ్య సగమే దున్నినానన్నాడు.
కొడుక్కి ఇంకా మీసం రాలేదన్నాడు.
రికాబులో కాలు తిమ్మిరెక్కిందన్నాడు.
ఈ మాటలు అంతకు ముందు కతలో లేవు.
ఆ తర్వాతా రాలేదు.

పన్నెండు దాటినాక
తడిసిన కూత ఒకటి, దూరంగా.
నేను లేచి నిలబడినా.
చెంగల్రాయప్ప లాంతరు వంక చూసినాడు.
ఎరుపు తిప్పలా, పచ్చా తిప్పలా.
ఒత్తి దించి
"రేపు చచ్చిపోతాడులే. పో, పొణుకో" అన్నాడు.

ఇప్పుడు ఆ దావన అన్నీ కరెంటు రైళ్ళు.
మొన్న మార్గశిరంలో ఆయన్ని కాల్చేసి
పొద్దుగూకినాక ఇంటికొస్తా ఉంటే
ఎదురుగుట్ట మింద రెండు మంటలు.
గొర్రెలోళ్ళు చలికి ఏసుకున్నవే అయ్యుంటాయి.
బండి ఆపినా.
కిక్‌రాడ్డు మింద ఒక కాలు,
నేల మింద ఒక కాలు.