పిల్లరు నంబరు నూటపన్నెండు

వయసు 19 అని రాశారు స్టేషన్లో,
బాల్‌పెన్నుతో,
మీసం చూసి.

ఓబులేసు మీసం మీద నాకేం కోపం లేదు.
కానీ ఆ తొమ్మిది చెరగాలి.
చెరిగితేనే వాడికి ఈ గది:
బోను లేదు, పోలీసుకు యూనిఫాం లేదు,
గోడ మీద ఎవరో పిల్లలు వేసిన చిలక.
చెరగకపోతే పక్క వీధిలో ఇంకో కోర్టుంది.
అక్కడ చిలకలుండవు.

"ఎప్పుడు పుట్టాడమ్మా?"
సుంకులమ్మ వేళ్లు లెక్కపెట్టదు.
"మెట్రో కంబాలు లేపుతా ఉండ్రి మేడం, ఇందిరానగర్లో.
నూటపన్నెండోదానికి కాంక్రీటు పోసే రాత్రి నొప్పులొచ్చె.
తట్ట దించి ఆటో ఎక్కితి."
కదిరి నుంచి తెచ్చుకున్న మాట,
బెంగళూరు ఇన్నేళ్లు నమిలినా అరగలేదు.

ఆసుపత్రి చీటీ వానకు పోయింది.
బడులు రెండు, తేదీలు రెండు.
ఆధార్‌లో జనవరి ఒకటి,
తేదీ తెలియని వాళ్లందరూ పుట్టే రోజు.

ఇక నేరం.
హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక మేడ మీద విందు.
వీడు కేటరింగ్ కుర్రాడు, గ్లాసులు కడిగే పని.
అడుగున మిగిలింది రుచి చూశాడు.
అబద్ధమెందుకు, చూశాడు.
వెళ్లేటప్పుడు ఎవరో టిప్పు బదులు
సగం సీసా చేతిలో పెట్టారు.
సిల్క్ బోర్డు దగ్గర చెకింగు.

పంచనామాలో సీసా ఉంది, దాని బ్యాచి నంబరుంది,
వాడి నోటి వాసన ఉంది,
ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి.
పెట్టిన చెయ్యి లేదు.
అదే అడిగాను.
మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"అది తర్వాత. ముందు వయసు తేల్చండి."

బడి కాగితం, లేదంటే మునిసిపాలిటీది,
అదీ లేదంటే ఎముక.
మణికట్టు ఎక్స్‌రే తీస్తే చెబుతుందట,
ఏడాది అటూ ఇటూగా.
ఆ అటూ ఇటూ మధ్యలోనే
నా వాదనంతా నిలబడాలి.

బయట మెట్ల మీద ఓబులేసు మొదటిసారి నోరు విప్పాడు:
"ఆ రోజు కూలి ఇయ్యలేదు మేడం, నాలుగు నూర్లు.
అది ఈ కేసులోనే అడగొచ్చా?"
నా సంచిలో చట్టం పుస్తకం ఉంది.
చెయ్యి లోపలికి పెట్టి
నీళ్ల సీసా తీసిచ్చాను.

సాయంత్రం ఇందిరానగర్లో దిగాను, పని లేకపోయినా.
నూటపన్నెండు ఉంది.
పోసిన తేదీ ఎక్కడైనా చెక్కారేమోనని చుట్టూ తిరిగాను.
ట్యూషన్ సెంటరు పోస్టరు అడ్డం.
గోటితో చించాను.
దాని కింద ఇంకొకటి.