తే

పర్లాకిమిడి రైసుమిల్లు వెనక
సిమెంటు కళ్ళంలో ఆరబోసిన ఉప్పుడు ధాన్యం ఎత్తేశాక
సాయంత్రం అయిదున్నరకి నా తాలింఖానా మొదలవుతుంది.
కాళ్ళకింద నేల ఇంకా వెచ్చగానే ఉంటుంది.
ఊక వాసన. పదకొండు మంది. పదకొండు వెదురు కర్రలు.

కర్ర ఇలా పట్టుకో, అంటాను.
"పట్టుకుంటే, వాడి దగ్గర కత్తి ఉంటే?"
ముఖలింగం. తొమ్మిదో తరగతి.
కర్ర ఇంకా వాడి గుప్పిట్లో కుదురుకోలేదు,
అప్పుడే కత్తి వచ్చేసింది.
కత్తయితే ఇలా, అని చూపిస్తాను.
"ఇద్దరొస్తే?"
"చీకటైతే?"
"వాడిది ఎడంచేతి వాటమైతే?"
సుభాషిణి పాఢి ఒడియాలో "జొది" అని అందుకుంటుంది,
తెలుగులోకి వచ్చేసరికి దానికీ ఒక 'తే' తోక.
ఇసాకు గొమాంగో మాత్రం ఏమీ అడగడు.
కొండ దిగి, రెండు బస్సులు మారి వచ్చినవాడు
టైము చూసుకుంటూ కర్ర తిప్పుతాడు.

నిన్నటి ప్రశ్న ఇది:
తగువు ఇక్కడ మొదలై, వాడు వెనక్కి వెనక్కి నడిచి
మహేంద్రతనయ వంతెన దాటి పాతపట్నంలో పడితే
ఏ రాష్ట్రం పోలీసులు రాసుకుంటారు, గురువుగారూ?
ఇరవయ్యారేళ్ళుగా ఆ వంతెన మీద సైకిలు తొక్కుతున్నాను.
నాకూ తెలీదు.

"అత్తకి మీసాలొస్తే మావయ్యేదిరా" అన్నాను.
"వస్తే మన తాలింఖానాలో చేర్చుకుంటారా?"
కళ్ళం కళ్ళమంతా నవ్వింది.
కోపంగా ఉందామనుకున్న నేనూ.

మా గురువు గుమ్మా గవరయ్య నవ్వేవాడు కాడు.
పగలంతా ఇదే మిల్లులో బస్తాలు మోసి
రాత్రి లాంతరు పెట్టి మాకు నేర్పేవాడు.
'తే' నోట్లో పుట్టీ పుట్టకముందే
మోకాలి మీద కర్ర పడేది.
"వచ్చేసింది కదా, ఇప్పుడు చెప్పు ఏటి చేస్తావో."
నాకా పద్ధతి అబ్బలేదు.
ఒకసారి ముఖలింగం మీదకి ఎత్తాను,
చెయ్యి మధ్యలో ఆగిపోయింది.
అది నా మంచితనమో, నా సాములో లోపమో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

రాత్రి దీపం తీసేశాక వాళ్ళ ప్రశ్నలు
నా మంచం చుట్టూ మూగుతాయి, ఇద్దరిద్దరుగా,
కొన్ని ఎడంచేతి వాటంవి.
పడుకునే అడుగులు వేస్తాను. మా ఆవిడ దుప్పటి లాక్కుంటుంది.

ఇవాళ ఇసాకు కర్ర ఆపాడు.
అయిదు నెలల్లో మొదటిసారి నోరు తెరిచాడు.
"ఎవరూ కొట్టడానికి రాకపోతే?
ఇన్ని బస్సు చార్జీలు ఏమైనట్టు?"

పదిమందీ నా వైపు తిరిగారు.
కత్తికి జవాబుంది నా దగ్గర, గొడ్డలికి ఉంది,
దీనికి లేదు.

నిజమే చెప్పాను.
ఇన్నేళ్ళలో నా మీదకి ఎవడూ రాలేదు.
ఒక్కసారి, రైలుగేటు దగ్గర, వానలో,
పట్టా మీద సైకిలు జారింది.
హేండిలుకి ముప్పై కోడిగుడ్ల సంచి.
నేను ఆలోచించలేదు. గడ్డం లోపలికి పోయింది,
భుజం ముందు ఆనింది, నడుం దొర్లింది,
సంచి పట్టుకున్న చెయ్యి ఆకాశంలో ఉండిపోయింది.
గేటుమేన్ చూశాడు కావాలంటే.
రెండే పగిలాయి.

ఇసాకు లెక్క వేసుకుంటున్నట్టు నిలబడ్డాడు.
గుడ్ల ధరా, బస్సు ధరా, ఏమో.
ముఖలింగం నోరు తెరుస్తున్నాడని
వాడి కనుబొమ్మల్ని బట్టి తెలిసిపోయింది.
"ఎడమ కాలు ముందుకి. మొదలెట్టండి" అన్నాను.

నాలుగో చుట్టులో కరెంటు పోయింది.
మిల్లు ఆగింది. వీధి ఆగింది.
కర్రలు ఆగలేదు.
గాలిని కోస్తున్న పదకొండు చప్పుళ్ళు,
అందులో ఒకటి అర క్షణం వెనక,
అది ముఖలింగానిది, అయినా తిరుగుతోంది.
చీకటైతే అని అడిగింది ఎవరో
ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఎవరి మోచేతికో ఎవరి కర్రో తగిలింది. "అబ్బా!"
ఆగొద్దు, అన్నాను.