పదకొండో బోరింగు

రంగు డబ్బా ఒకటి, కుంచె ఒకటి,
చిట్టీ మీద పదకొండు బోరింగులు.
ఎర్రగ పూస్తే ఆ నీళ్ళు తాగొద్దని అర్థం.
జీతం తీసుకునే మెకానిక్కును,
సంతకం పెట్టి తీసుకున్న.

మర్రిగూడ నుంచి సైకిల్ మీద మూడు రోజులు.
పది పూసిన.
పదకొండోది మా వాడదే, చర్చి గోడ పక్కన.
క్రిస్మస్ ఇంక నాలుగు రోజులుండె.
డబ్బాల అడుగున మిగిలింది చూసిన,
బోరింగుకు సరిపోతది
లేదంటె మా దర్వాజకు సరిపోతది.

దర్వాజ వట్టిగ ఉందని
మా ఇంటిది ఒక్క మాట అన్నది, అంతే.
దాని తప్పేం లేదు.
పండుగ అయినంక కొత్త డబ్బా అడుగుదామనుకున్న.
పండుగ తర్వాత ఇంకో పండుగ వచ్చింది.
మా ఇంటిదాన్ని మాత్రం
మంచినీళ్ళకు దూరపు బాయికి తోలిన.

రాహేలమ్మ కొడుకు తీతు అప్పటికి పాకుతుండె.
ఆ బోరింగు కిందనే వాని స్నానం, వాని అంబలి, వాని దూప.
నాలుగో ఏట నడక వంకరబోయింది.
ఏడో ఏట తల్లి బడికి ఎత్తుకపోతుంటె
మా ఎర్ర దర్వాజ ముంగటనుంచే తొవ్వ.

ఆదివారం ఆదివారం మోకరించిన.
అన్నీ ఒప్పుకున్న:
అబద్ధం, కల్లు, తమ్మునితోని గెట్టు పంచాయితీ.
ఆ ఒక్కటి నాలుక కింద దాసుకున్న.
ప్రభువు బల్ల దగ్గర చిన్న గిలాస పెదవులకు ఆనేది,
గొంతు దిగేది కాదు.

కృష్ణ నీళ్ళు పైపుల వచ్చినయి.
వాడ వాడంత నల్లాల కింద బిందెలు పెట్టి నవ్విండ్రు.
నేను అప్పుడే ఆ పాత బోరింగు నీళ్ళకు మళ్ళిన.
ముసలోనికి చాదస్తమన్నరు.
చాదస్తం గాదు, శిక్ష.
నాకు నేనే జడ్జిని, నాకు నేనే జైలు.
మెడ బిగుసుకపోయింది.
వెనక్కి చూడాలంటె ఇప్పుడు ఒళ్ళంత తిరగాలె.
అయినా బాకీ తీరినట్టు ఒక్కనాడు అనిపియ్యలే.

మొన్న ఫిలేమోను పాస్టరు
ఐగుప్తు రాత్రి గురించి చెప్పిండు.
ద్వారబంధాలకు రక్తం,
ఆ ఇండ్లను దాటిపోయిన చావు.
నాకు చెమట పట్టింది.
మా దర్వాజ ఎరుపు గూడ దాటించింది.
పక్కింటికి.

ఆరాధన అయినంక తీతు కానుకలు లెక్కపెడుతుండు.
రెండు కర్రలు గోడకు ఆనిచ్చి,
సంఘానికి కోశాధికారి ఇప్పుడు.
నిలబడే చెప్పిన. కూసుంటె చెప్పలేనని.

వాడు లెక్క ఆపలే.
ఐదు రూపాయల బిళ్ళలు ఒక దొంతి, రెండువి ఒక దొంతి.
"మా అమ్మకు తెల్సు మామా.
ఆ దర్వాజ చూసినప్పుడే అర్థమైందట.
పోయేముందు నాకు చెప్పింది.
ఒక యేడు కోపంగున్న. నీ గడప ముంగట ఉమ్మేసిన గూడ.
తర్వాత...
రోజూ మొయ్యనీకి నాకు ఈ కాళ్ళే చాలు గద."

"మరి నన్నెందుకు అడగలే?"

"నువ్వే వచ్చి చెప్పాలని ప్రార్థన చేసిన.
జర లేటైంది."

ముసలోని ఏడుపు ఎండిన బోరింగు కొట్టినట్టుంటది,
చప్పుడెక్కువ, తడి తక్కువ.
వాడు కర్రలు అందుకోని నల్లా దాక పోయి
స్టీలు గిలాసల నీళ్ళు తెచ్చిండు.
వచ్చేసరికి తొణికి సగమే మిగిలినయి.
"తాగు."

సిలువ మీద ఆయనకు దూపయిందని
చిన్నప్పటి సంది వింటున్న.
నా దూప ఆయన లెక్కల ఉందనుకోలే.

తాగిన. దిగినయి.
వాని కాళ్ళు అట్లనే ఉన్నయి,
నా మెడ అట్లనే ఉన్నది.
గుండెల మీద మాత్రం
ఎవరో కూసోని లేచిపోయినట్టయింది.

దర్వాజ గీకేస్త అన్న.
"దాన్ని ఉండనీ, పదకొండోది బాకీ ఉంది గద" అన్నడు.
సోమవారం మాల్ పోయి పావు లీటరు ఎరుపు తెచ్చిన.
వంగలేను గనక పైభాగం నేను,
నిలబడలేడు గనక కిందిభాగం తీతు.
డబ్బాల ఏం మిగల్చలే.