సాసరు

వేల్స్ కొండల్లో పాల ట్యాంకరు నడుపుతాను.
దారి ఇరుకు. రెండు పక్కలా ముళ్లకంచె.
ఎదురు బండొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే.

మంగళవారం, కొట్టాల మలుపులో
గుంత చుట్టూ నీలం గీత. పక్కనో పిడి, కిందో సాసరు.
రాత్రి వాన పోసిపెట్టిన బురద టీ.
ఆవిరి కూడా గీశారు, మూడు మెలికలు.

ఆ నీలం నాకు తెలుసు,
గొర్రెల వీపున గుర్తుకేసే రంగు.

మైలు దాటాక మొసలి,
నోరంతా గుంతే.
పోయిన వారం నా ముందు టైరు నమిలింది ఇదే.
తిట్టడానికి తెరిచిన నోట్లోంచి నవ్వొచ్చింది.

ఇడ్వాల్ దొడ్లో పాలగొట్టం తగిలిస్తూ చూశాను:
చర్చిలో దగ్గడానికైనా లెక్కచూసుకునే మనిషి,
గోళ్ల సందుల్లో నీలం.
"గొర్రెలకి గుర్తులేశారా?"
"అమ్మేసి రెండేళ్లయింది"
అంటూ చేతులు జేబుల్లో దోపుకున్నాడు.
ఇవాళ పాలెన్ని లీటర్లో చెప్పి ఊరుకున్నాను.

నెల తిరక్కుండా కౌన్సిలు వాళ్లు తారు పోశారు.
కప్పు పోయింది.
సాసరొక్కటే మిగిలింది, పొడిగా.

ఇప్పటికీ అక్కడ బండి పక్కకే కోస్తాను,
కంచె ముళ్లు తలుపు గీరినా సరే.